బెంగళూరు ఉద్యోగాల నడుమ 'సూపర్‌నాచురల్' చూడటం ఎలా

దయ్యాల కథలంటే చెవి కోసుకునేవారు కూడా అమెరికన్ సిరీస్ 'సూపర్‌నాచురల్' నిడివి చూసి వెనక్కి తగ్గుతారు. 2005 సెప్టెంబరులో మొదలై 2020 నవంబరులో ముగిసిన ఈ సిరీస్‌లో 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు ఉన్నాయి. ఎపిసోడ్‌కు సుమారు 42 నిమిషాల లెక్కన మొత్తం చూడటానికి దాదాపు 230 గంటలు పడుతుంది. అయితే సృష్టికర్త ఎరిక్ క్రిప్కీ మొదట ఐదు సీజన్లకు సరిపడే కథనే అనుకున్నారు. ఐదో సీజన్ చివరి ఎపిసోడ్ నిజంగానే ముగింపులా ఉంటుంది. అందువల్ల ముందుగా ఆ 104 ఎపిసోడ్లనే లెక్కలోకి తీసుకోవడం తెలివైన పని. మూడో సీజన్‌లో 16 ఎపిసోడ్లే ఉండటం చూసి స్ట్రీమింగ్ యాప్‌లో ఏవో తీసేశారని అనుమానించనక్కరలేదు. 2007-08 నాటి హాలీవుడ్ రచయితల సమ్మె వల్ల అది కుదించుకుపోయింది.

వారానికి ఆరు చొప్పున చూస్తే నాలుగు నెలల్లో ఐదు సీజన్లు పూర్తవుతాయి. మారతహళ్లిలోనో మడివాళలోనో ఒకే ఫ్లాట్‌లో ఉండే మిత్రులు సాధారణంగా శని, ఆదివారాలు నిర్ణయించుకుంటారు గాని, శుక్రవారం రాత్రి బస్సెక్కి అనంతపురానికో నెల్లూరుకో వెళ్లేవారు ఒక్కరున్నా ఆ ఏర్పాటు నిలవదు. బుధ, గురువారాల్లో రాత్రి తొమ్మిదిన్నరకు రెండేసి ఎపిసోడ్లు కలిసి చూసి, మిగతా రెండింటిని ఎవరి వీలును బట్టి వారు చూసుకోవడం మేలు. ఈ సిరీస్‌లో కథానాయకులైన అన్నదమ్ములిద్దరూ ఒక ఊరికి వెళ్లి, అక్కడి దయ్యం సంగతి తేల్చి బయలుదేరే విడి కథలు చాలా ఉన్నాయి. అమెరికా షిఫ్టులో ఉన్నవారు వాటిలో ఒకటి రెండు వదిలేసినా పెద్ద నష్టం లేదు. సీజన్ మొదటి, చివరి ఎపిసోడ్లు మాత్రం అందరూ ఉన్నప్పుడే పెట్టాలి. చివరి ఎపిసోడ్‌కు ముందు జరిగిన కథను క్లుప్తంగా చూపిస్తారు కనుక, అక్కడ రీక్యాప్‌ను దాటవేసే బటన్ జోలికి ఎవరూ పోకూడదు.

సబ్‌టైటిల్స్ విషయంలో మరికొంత శ్రద్ధ అవసరం. యాప్‌లో ఇంగ్లిష్ అని ఒకటి, ఇంగ్లిష్ సీసీ అని మరొకటి కనిపిస్తే మొదటిదే ఎంచుకోవాలి. సీసీ వినికిడి లోపం ఉన్నవారి కోసం తయారైనది; అది వారికి అత్యవసరం. కాని దయ్యం కథలో, తెర మీద ఖాళీ నడవా తప్ప ఏమీ లేని క్షణంలో, 'వెనుక నుంచి గుర్రుమన్న శబ్దం' అనే అక్షరాలు ఆ శబ్దం కంటే ముందే పడితే, చెవులు బాగా వినబడేవారికి ఉలికిపాటు అక్కడే చచ్చిపోతుంది. భూతాన్ని వదిలించే లాటిన్ మంత్రాలు వచ్చినప్పుడు అర్థం తెలియకపోయినా కంగారు పడనక్కరలేదు, ఆ పాత్రల్లో చాలామందికీ తెలియదు. ఇంగ్లిష్ వేగంగా చదవలేని అమ్మానాన్నలు కూడా కూర్చుంటే, అక్షరాల పరిమాణం పెంచి, వాటి వెనుక నల్లని పట్టీ పెట్టాలి. రాత్రి దృశ్యాలే ఎక్కువైన ఈ సిరీస్‌లో కూడా చేతి టార్చి వెలుగు మీద తెల్లని అక్షరాలు కనబడవు.

కొనుక్కున్న డిస్క్‌ను ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌తో చూస్తూ విడిగా సబ్‌టైటిల్ ఫైలు జోడించేవారికి మాటలు ముందూ వెనకా పడవచ్చు. తేడా మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే జి మీట నొక్కిన ప్రతిసారీ అక్షరాలు 50 మిల్లీసెకన్లు ముందుగా, హెచ్ మీట నొక్కితే అంతే ఆలస్యంగా పడతాయి. మొదట సరిపోయి పోనుపోను పెరుగుతూ, చివరికి నిమిషంన్నర దాటితే మాత్రం ఆ ఫైలు వేరే ఫ్రేమ్ రేటుకు, అంటే సెకనుకు చూపే చిత్రాల సంఖ్య వేరైన వీడియోకు, తయారైందని అర్థం. మీటలతో కుస్తీ పట్టక మరో ఫైలు వెతుక్కోవాలి.

ఇక ఉమ్మడిగా చూడటానికి యాప్‌లో వేరే ప్రొఫైల్ ఒకటి తెరవాలి. ఆత్రం ఆగని వ్యక్తి అర్ధరాత్రి తన ప్రొఫైల్‌లో ఎంత ముందుకు వెళ్లినా, బుధవారం టీవీ పెట్టేసరికి అందరూ ఆపిన చోటే కథ ఉంటుంది.