రంగులు కలిపితే నల్లటి కషాయమే వస్తోందా? చిన్న తరగతుల ప్రయోగాల్లో వచ్చే చిక్కులు, వాటి కారణాలు, పరిష్కారాలు

ఎరుపూ నీలం కలిస్తే వంకాయ రంగు అని బోర్డు మీద రాస్తాం. పిల్లల కప్పుల్లో మాత్రం నల్లటి కషాయం తయారవుతుంది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఇలాంటి ప్రయోగాలు చెడిపోవడానికి చాలాసార్లు కారణం పిల్లలు కాదు, బల్ల మీద పెట్టిన రంగులే. డబ్బా మీద పేరు ఒకటుంటుంది, లోపలి రంగు ఇంకొకటుంటుంది. కాబట్టి చిక్కుల్లోకి వెళ్లే ముందు రంగునీళ్లు సరిగ్గా తయారు చేసుకోవాలి.

30 మంది ఉన్న తరగతిని ఐదుగురేసి 6 జట్లు చేయండి. ఒక్కో జట్టుకు ఒక్కో రంగు 50 మి.లీ. చాలు, అంటే తరగతి మొత్తానికి ప్రతి రంగూ 300 మి.లీ. కావాలి. కిరాణా కొట్లో దొరికే ఫుడ్ కలర్ పొడి చాలా గాఢంగా ఉంటుంది. 300 మి.లీ. నీళ్లలో అగ్గిపుల్ల మొనకు అంటినంత పొడి వేసి కలపండి, చాలకపోతే మళ్లీ అంతే వేయండి. ఎక్కడ ఆపాలో తెలుసుకోవడానికి గాజు గ్లాసులో రంగునీళ్లు పోసి వెనక దినపత్రిక పెట్టి చూడండి. అక్షరాలు చదవగలిగేలా ఉంటే సరిపోయినట్టు, అక్షరాలు మాయమైతే నీళ్లు కలపాలి. కొలతకు దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న కప్పులు, డ్రాపర్లు వాడండి. మామూలు డ్రాపర్‌తో 20 చుక్కలు సుమారు 1 మి.లీ. అవుతాయి. కప్పుల కింద తెల్ల కాగితం తప్పనిసరి. చెక్క బల్ల మీద నేరుగా పెడితే ప్రతి రంగూ గోధుమ రంగు వైపు తిరిగినట్టే కనిపిస్తుంది.

ఎరుపు, నీలం కలిపితే వంకాయ రంగు రాకుండా నలుపో గోధుమ రంగో వస్తోంది

అన్నిటికంటే ఎక్కువ కనిపించే చిక్కు ఇదే. కారణం ఎరుపులో దాగిన పసుపు. కొట్లో 'ఆరెంజ్ రెడ్' అని అమ్మే పొడి సాధారణంగా రెండు మూడు రంగుల మిశ్రమం. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండే నంబర్లు చదవండి. 102 అంటే టార్ట్రజీన్, 110 అంటే సన్‌సెట్ ఎల్లో. ఒకటి పసుపు, రెండోది నారింజ. ఈ రెండిట్లో ఏదైనా ఉంటే ఆ ఎరుపు వంకాయ రంగుకు పనికిరాదు. 122 ఒక్కటే ఉంటే అది కార్మోయిసిన్, కొంచెం గులాబీ వైపు మొగ్గే ఎరుపు. మనకు కావలసింది అదే. 'రాస్‌బెర్రీ రెడ్' పేరుతో అమ్మేది ఎక్కువగా ఇదే, అయినా పేరును నమ్మకుండా నంబరు చూసుకోండి. నీలానికి 133 ఉన్నది తీసుకోండి.

ప్రతి రంగూ తెల్లని కాంతిలోంచి కొంత భాగాన్ని మింగేస్తుంది. మిగిలినదే మన కంటికి చేరుతుంది. 133 నీలం ఎర్ర కాంతిని మింగుతుంది. గులాబీ ఎరుపు ముఖ్యంగా ఆకుపచ్చ కాంతిని మింగుతుంది. రెండూ కలిసినా నీలం, కొసన కాస్త ఎరుపు మిగులుతాయి కాబట్టి వంకాయ రంగు కనిపిస్తుంది. నారింజ ఎరుపు అలా కాదు, నీలి కాంతిని కూడా మింగేస్తుంది. ఇక మిగిలేదేమీ ఉండదు, అందుకే నలుపు.

కప్పులో ముందు 5 మి.లీ. మామూలు నీళ్లు పోయించండి. తర్వాత ఎరుపు 10 చుక్కలు, ఆ పైన నీలం ఒక్కో చుక్క. రెండు మూడు చుక్కలకే రంగు తిరుగుతుంది. చెరి సగం కలపమని చెప్పకండి, 133 నీలం చాలా బలమైనది, ఎరుపును ముంచేస్తుంది. డబ్బా మీద నంబర్లు లేకపోతే ఎరుపు రంగునీళ్లను పిల్లల చేతే పరీక్ష చేయించవచ్చు. ఆ పద్ధతి కింద స్కెచ్ పెన్నుల దగ్గర ఉంది.

పసుపు, నీలం కలిపినా ఆకుపచ్చ రావడం లేదు

మొదట నీలం ఎక్కడిదో అడగండి. ఖర్చు తగ్గుతుందని బట్టలకు పెట్టే నీలం ద్రవం వాడితే ఆకుపచ్చ రాదు. అది నిజానికి ఊదా వైపు రంగు. ఊదాకు పసుపు తోడైతే బూడిద రంగు, బురద రంగు వస్తాయి. పాతకాలపు నీలిమందు పొడి నీళ్లలో కరగదు, అడుగున పేరుకుంటుంది. దానితో ఆకుపచ్చ వచ్చినా మందకొడిగా, ఆలివ్ రంగులో ఉంటుంది. రెండూ పక్కన పెట్టేయండి.

నీలం సరైనదే అయితే తప్పు వరసలో ఉంటుంది. నీలంలో పసుపు పోస్తూ పోతే అరకప్పు పోసినా నీలం నీలంగానే కనిపిస్తుంది. పసుపు 20 చుక్కలు ముందు, నీలం ఒక్క చుక్క తర్వాత. చిలక పచ్చ వస్తుంది. రెండో చుక్కకు ఆకు రంగు, నాలుగైదు చుక్కలకు నెమలి రంగు. ఒక్కో చుక్కకు ఒక్కో కాగితపు ముక్క ముంచి వరసగా ఆరబెడితే పిల్లలకు ఒక రంగుల మెట్ల వరస చేతికొస్తుంది. 'నీలం ఎన్ని చుక్కలు వేస్తే మామిడాకు రంగు?' అని అడిగితే మూడో తరగతి పిల్లలు పోటీ పడి లెక్కపెడతారు.

పసుపులో తెల్లటి సున్నం కలిపితే ఎరుపు వచ్చింది, 'టీచర్ చెప్పింది తప్పు' అంటున్నారు

పారాణి ఎలా తయారవుతుందో ఇంట్లో చూసిన పిల్లలు 'తెలుపు కలిస్తే పసుపు లేతబడాలి కదా, ఎర్రబడిందేం?' అని అడిగి తీరతారు. అడగాలి కూడా. ఇక్కడ జరిగింది రంగుల కలయిక కాదు, రసాయన మార్పు. వంటింటి పసుపులో ఉండే కర్కుమిన్ అనే రంగు పదార్థం సున్నం లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. శంఖుపుష్పం నీళ్లదీ ఇదే దారి. ఆ నీలి నీళ్లలో నిమ్మరసం పిండితే ఊదాకూ గులాబీకీ మారుతుంది. పచ్చటి రసం నీలంలో పడితే ఆకుపచ్చ రావాలి కదా అని పిల్లలు తికమకపడతారు.

అందుకే రంగుల కలయిక పాఠంలో వంటింటి పసుపు, శంఖుపుష్పం వాడకూడదు. పైగా పసుపు నీళ్లలో సరిగ్గా కరగదు, అయిదు నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. 'సహజ రంగులే వాడండి' అన్న సలహా వినడానికి బాగుంటుంది, ఈ పాఠానికి మాత్రం అదే పెద్ద అడ్డంకి. వాటిని వేరే రోజుకు ఉంచి 'కలయికా, మార్పా?' అనే పాఠం చేయండి. తేడా తేల్చే పరీక్ష సులభం. ఎర్రబడ్డ పసుపు మీద నిమ్మరసం పిండితే తిరిగి పసుపు రంగుకొస్తుంది. ఫుడ్ కలర్‌తో చేసిన ఆకుపచ్చ నీళ్లలో నిమ్మరసం పిండినా రంగు ఆకుపచ్చగానే ఉంటుంది. సున్నం మాత్రం పెద్దవాళ్లే కలపాలి. కంట్లో పడితే ప్రమాదం, చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి.

'నడిచే నీళ్లు' నడవడం లేదు

మూడు గ్లాసులు వరసగా పెట్టి, అటూ ఇటూ రంగునీళ్లు పోసి, మధ్యది ఖాళీగా ఉంచి, టిష్యూ కాగితాలతో వంతెన వేసే ప్రయోగం ఇది. రంగులు కాగితం మీదుగా వచ్చి మధ్య గ్లాసులో కలవాలి.

కదలిక అసలే లేకపోతే నీళ్ల మట్టం చూడండి. సగం గ్లాసు నీళ్లతో పొడవాటి గ్లాసు అంచుదాకా నీళ్లు ఎక్కడానికి చాలా సేపు పడుతుంది. అంచుకు 2 సెం.మీ. కిందిదాకా నింపండి, 8 నుంచి 10 సెం.మీ. మించని పొట్టి గ్లాసులు వాడండి. హోటళ్లలో ఇచ్చే పల్చటి టిష్యూ తడవగానే చిరుగుతుంది, నాలుగు మడతలు పెట్టాలి. దానికన్నా పాత నూలు పంచె పీలిక నయం, 3 సెం.మీ. వెడల్పు చాలు. కొత్త గుడ్డ అయితే గంజి పోయేలా ఉతికి ఆరేయాలి. గంజి ఉన్న గుడ్డ, పాలిస్టర్ కలిసిన గుడ్డ నీళ్లు పీల్చవు. పీలికను ముందే తడిపి, నీళ్లు పిండేసి వంతెనగా వేస్తే అరగంటలోపే చుక్కలు రాలడం మొదలవుతుంది.

కాసేపు నడిచి ఆగిపోతే అది చెడిపోయినట్టు కాదు. మూడు గ్లాసుల మట్టం సమానమయ్యాక నీళ్లు ఆగుతాయి. టిష్యూతో చేస్తే అందుకు రాత్రంతా పట్టవచ్చు, కాబట్టి మధ్యాహ్నం బడి వదిలేముందు పెట్టి పొద్దున చూపించండి. కిటికీ దగ్గర, ఫ్యాను కింద పెడితే పీలిక మధ్యలోనే ఆరిపోతుంది.

న్యూటన్ చక్రం తెల్లగా కాకుండా బూడిద రంగులో కనిపిస్తోంది

ఏడు రంగుల భాగాలు వేసిన అట్ట చక్రానికి దారం ఎక్కించి, లాగి గిరగిరా తిప్పే ప్రయోగం ఇది. బూడిద రంగు రావడం దాదాపు ప్రతి బడిలో జరుగుతుంది, ఎందుకంటే అట్ట మీద రంగులతో తెలుపు రావడం కష్టమే. ఒక్కో భాగం తన మీద పడ్డ కాంతిలో కొంతే తిరిగి పంపుతుంది. చక్రం తిరిగినప్పుడు కంటికి అందేది ఆ కొంతల సగటు, అంటే తక్కువ వెలుగున్న తెలుపు. దాన్నే మనం బూడిద రంగంటాం. న్యూటన్ కూడా 1704లో అచ్చయిన 'ఆప్టిక్స్'లో రంగు పొడులు కలిపితే బూడిద రంగే వస్తుందని రాశాడు. ఆ పొడిని ఎండలో, తెల్ల కాగితాన్ని పక్కనే నీడలో పెట్టి చూస్తే రెండూ తెల్లగా ఒకేలా కనిపించాయని కూడా రాశాడు.

ఆ కిటుకే వాడండి. చక్రాన్ని ఎండలో తిప్పి, పోలికకు తెల్ల కాగితం నీడలో ఉంచండి. చక్రం వెనక నల్లటి అట్ట ఉంటే ఇంకా బాగా కనిపిస్తుంది. స్కెచ్ పెన్ను వద్దు, క్రేయాన్ తేలికగా రుద్దించండి. ముదురు రంగు వేసిన కొద్దీ బూడిద ముదురుతుంది.

రంగులు విడివిడిగా కనిపిస్తుంటే వేగం చాలలేదు. పిల్లలు ఎంత లాగినా వేగం రాకపోతే 7 భాగాల బదులు అదే వరస రెండుసార్లు వచ్చేలా 14 భాగాలు చేయండి. అదే వేగానికి రంగులు రెట్టింపు త్వరగా మారతాయి. చక్రం ఊగిపోతుంటే తప్పు రంధ్రాలది. పెళ్లి శుభలేఖ అట్టతో 10 సెం.మీ. వ్యాసం చక్రం కోసి, నడిమి బిందువుకు అటు అర సెం.మీ., ఇటు అర సెం.మీ. కొలిచి రంధ్రాలు వేయాలి. కంటి అంచనాతో వేస్తే కుదరదు. దారం మీటరు పొడవు, బిగుతుగా పేనినదై ఉండాలి.

సగం నీలం, సగం పసుపు వేసి తిప్పితే ఆకుపచ్చ రాదు, బూడిద రంగు వస్తుంది. నీళ్లలో ఒకదాని తర్వాత ఒకటి కాంతిని మింగుతాయి, చక్రం మీద వంతులవారీగా కాంతిని పంపుతాయి. ఐదో తరగతి పిల్లలకు ఈ తేడా అందుతుంది, రెండో తరగతి వాళ్లకు చక్రం తిరగడమే చాలు.

టార్చిలతో ఎరుపు, ఆకుపచ్చ కలిపితే పసుపు రావడం లేదు

ముందుగా చూడాల్సింది టార్చి ముందు కట్టే రంగు సెల్లోఫేన్ కాగితాలు ఎక్కడున్నాయన్నది. రెండు కాగితాలూ ఒకే టార్చికి కడితే చీకటే మిగులుతుంది, ఒకటి వదిలిన కాంతిని రెండోది మింగేస్తుంది. రెండు టార్చిలు కావాలి, ఒక్కోదానికి ఒక్కో రంగు, గోడ మీద వెలుగులు ఒకదానిపై ఒకటి పడాలి. ఒక్క పొర కాగితం ఇతర రంగుల కాంతిని కూడా వదిలేస్తుంది కాబట్టి మూడు మడతలు వేయండి. గది చీకటిగా లేకపోతే అంతా వెలిసిపోతుంది, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కాల్సిందే. కలిసిన చోట ఆకుపచ్చే గెలుస్తుంటే ఎరుపు టార్చిని గోడకు దగ్గరగా జరపండి. నీలం కూడా చేర్చి తెలుపు చూపించాలంటే నీలం కాగితం కాంతిని ఎక్కువగా ఆపుతుందని గుర్తుంచుకోండి. మిగతావి అర మీటరు దూరంలో ఉంటే నీలాన్ని పావు మీటరులో పెట్టండి.

టార్చిలు కుదరకపోతే ఫోన్‌లో పసుపు బొమ్మ తెరిచి తెర మీద ఆవగింజంత నీటి చుక్క వేయండి. చుక్క భూతద్దంలా పనిచేసి ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తాయి. పసుపు చుక్క ఒక్కటీ ఉండదు.

స్కెచ్ పెన్ను రంగు విడిపోవడం లేదు

కాగితం మీద గీత గీసి నీళ్లలో నిలబెడితే రంగులు పైకి ఎక్కుతూ విడిపోవాలి. పర్మనెంట్ మార్కర్ అయితే విడిపోదు, దాని సిరా నీళ్లలో కరగదు. గీత నీళ్లలో మునిగితే రంగంతా గిన్నెలోకి దిగిపోతుంది. నీళ్లు అర సెం.మీ., గీత అంచుకు ఒకటిన్నర సెం.మీ. పైన. పసుపు లాంటి పెన్నుల్లో తరచూ ఒకే రంగు ఉంటుంది కాబట్టి విడిపోయేదేమీ లేదు. నలుపు, గోధుమ, ఆకుపచ్చ పెన్నులు ఇవ్వండి. మామూలు రాత కాగితం నీళ్లను సరిగ్గా పీల్చదు, ఫిల్టర్ కాగితం గానీ సుద్దముక్క గానీ వాడండి. సుద్దముక్క చుట్టూ వలయం గీసి నిలబెడితే పదిహేను నిమిషాల్లో ఫలితం కనిపిస్తుంది.

నంబర్లు లేని ఎరుపు ఫుడ్ కలర్‌ను కూడా ఇలాగే పరీక్షించవచ్చు. చుక్క పెట్టి ఆరనిచ్చి, చిటికెడు ఉప్పు వేసిన నీళ్లలో నిలబెట్టండి. పసుపో నారింజో అంచు విడిగా కనిపిస్తే ఆ పొడి వంకాయ రంగుకు పనికిరాదు.

ఒక్క పిల్లవాడే ప్రతిసారీ వేరే రంగు పేరు చెబుతున్నాడు

అల్లరి అనుకోకండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా కనిపించని పిల్లలు ఉంటారు, మగపిల్లల్లో ఇది ఎక్కువ. సీసాల మీద రంగు పేర్లు రాసిన చీటీలు అంటించండి, చుక్కల లెక్క పని ఆ పిల్లవాడికి అప్పగించండి. తరగతిలో అందరి ముందు పరీక్షించకుండా తల్లిదండ్రులకు విడిగా చెప్పి కంటి డాక్టరుకు చూపించమనండి.