హైదరాబాద్ ఎండల్లో గార్టర్ పాములు పెంచాలంటే

మా ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క గదికే. ఆ గదిలో పడుకునేది నేను కాదు, రెండు గార్టర్ పాములు. పద్మారావునగర్‌లో మూడో అంతస్తు, పైన డాబా. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఏసీ లేని గదిలో థర్మామీటరు 37 చూపిస్తుంది. ఈ పాముకు 35 దాటితే ప్రాణం మీదికొస్తుంది. ఎండాకాలం మూడు నెలలు ఒక గదిని చల్లగా ఉంచడం మీ వల్ల కాకపోతే ఇక్కడితో ఆగిపోండి. మిగతావన్నీ నేర్చుకోవచ్చు, ఇది మాత్రం కరెంటు బిల్లుతో తేలే సంగతి.

గార్టర్ ఉత్తర అమెరికా పాము. కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో నార్సిస్ అనే చోట ఇవి చలికాలమంతా సున్నపురాతి సందుల్లో దాక్కుని, ఎండ రాగానే వేలకు వేలు ఒకేసారి పైకి వస్తాయి. అలాంటి మంచు దేశాలవాళ్లు రాసిన సలహాలు చదివి నేను మొదట కొన్నది వంద వాట్ల హీట్ ల్యాంప్. తెచ్చిన మొదటి వారంలోనే తొట్టెలో వేడి 38కి పోయింది. పాము రోజంతా నీళ్ల గిన్నెలోంచి బయటికి రాలేదు. ‘అబ్బ, నీళ్లంటే ఎంత ఇష్టమో’ అని ఫొటోలు తీసుకున్నాను! అది ఇష్టం కాదు, ఒళ్లు కాలిపోయి చేసిన పని. మీ పాము గంటల తరబడి గిన్నెలోనే ఉంటే ముందు థర్మామీటరు చూడండి. వేడి సరిగ్గానే ఉంటే పొలుసుల మధ్య నల్ల చుక్కల్లాంటి పేలు ఉన్నాయేమో వెతకండి.

కొనడం గురించి. మా అక్క కొడుకు అడిగాడు, “మామయ్యా, మన ఊరి చెరువులో నీరుకట్టు పాములు ఉంటాయి కదా, అదే పట్టుకొస్తే పోలా?” అని. వాడన్నదాంట్లో కొంత నిజం ఉంది. నీరుకట్టు, గార్టర్ ఒకే ఉపకుటుంబంలోవి, రెండూ చేపలూ కప్పలూ తింటాయి. కానీ మన దేశపు పామును పట్టినా, ఇంట్లో పెట్టుకున్నా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుంది. విదేశీ జాతుల్లో సైటిస్ (అరుదైన జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాలో ఉన్నవాటిని, అంటే బాల్ పైథాన్ లాంటివాటిని, కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. 2024లో దీనికి విడిగా నిబంధనలు వచ్చాయి. గార్టర్ ఆ జాబితాలో లేదు. అయినా బిల్లు, ఎవరి దగ్గర పుట్టిందో రాసిన కాగితం లేకుండా తీసుకోవద్దు. అనుమానం ఉంటే అటవీ శాఖ ఆఫీసుకు వెళ్లి ముందే అడగండి. అడిగితే పోయేదేమీ లేదు.

తొట్టె పాముకన్నా నెల ముందే రావాలి. రెండు పాములకు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు చాలు. అక్వేరియంలు చేసే అతనితోనే చేయించాను. ఆయన అలవాటు కొద్దీ మోటారు వైరు కోసం మూల మీద బొటనవేలంత సందు వదిలాడు. నేనూ చూడలేదు. రెండో రోజు పొద్దున తొట్టెలో ఒకటే పాము ఉంది. ఆ రోజంతా ఇంట్లో లుంగీ బొందు, ఛార్జర్ వైరు, అన్నీ పాములే. చివరికి బట్టల బీరువా వెనక దొరికింది. పిల్ల గార్టర్‌కు పెన్సిల్ దూరే సందు చాలు. ఇప్పుడు పైన ఫ్రేముకు స్టీలు దోమల జాలీ బిగించి రెండు వైపులా క్లిప్పులు పెట్టాను. ప్లాస్టిక్ జాలీ బల్బు వేడికి మెత్తబడుతుంది, వద్దు.

అడుగున తెలుగు పేపరు పరుస్తాను. చూడ్డానికి బాగోదు, నిజమే. కానీ ఈ పాము తినేది చేపలు, అందుకే దాని మలం పల్చగా, ఘాటుగా ఉంటుంది. పేపరైతే చుట్టి పారేయొచ్చు. కట్టెల అడ్తీలో దొరికే రంపపు పొట్టు వేయకండి. ఏ చెట్టుదో తెలియదు, దేవదారు, పైన్ లాంటివాటి నూనెల వాసన పాముల ఊపిరితిత్తులకు పడదు. దాక్కోడానికి రెండు చోట్లు కావాలి, చల్లటి వైపు ఒకటి, వెచ్చటి వైపు ఒకటి. నేను పగిలిన మట్టికుండను రెండు ముక్కలు చేసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది బోర్లించాను.

వెచ్చటి చివర 29, 30 డిగ్రీలు. చల్లటి చివర 22 నుంచి 24. పాము అటూ ఇటూ తిరుగుతూ తనకు కావలసిన వేడి తనే చూసుకుంటుంది. ఏసీని 24 మీద పెట్టి, ఒక మూల జాలీ పైన 25 వాట్ల బల్బు పగటిపూట మాత్రం వెలిగిస్తాను. రెండు చివరలా రెండు థర్మామీటర్లు ఉండాలి. చేత్తో తాకి అంచనా వేయడం కుదరదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన దగ్గర గది 18కి దిగినా దానికి ఇబ్బంది లేదు, పగలు వెచ్చదనం దొరికితే చాలు.

ఏసీ బదులు కూలర్ పెడితే సరిపోదా అని అందరూ అడుగుతారు. సరిపోదు. కూలర్ గాలిలో తేమ నింపుతుంది. గార్టర్ నీళ్ల పక్కన బతికే పామే అయినా పడుకునే చోటు పొడిగా లేకపోతే పొట్ట కింద పొలుసులు బొబ్బలెక్కి కుళ్లుతాయి. మాకు మొదటి ఏడాది ఆడపాముకు అలాగే అయింది. నెల రోజులు మందు రాయాల్సి వచ్చింది. నగరంలో కుక్కలకూ పిల్లులకూ డాక్టర్లు వీధికొకరు ఉన్నారు, పామును చూసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఆ డాక్టర్ని కూడా పాముకన్నా ముందే వెతికి పెట్టుకోండి.

కరెంటు పోతే? మా ఇన్వర్టర్ ఏసీని లాగదు. అందుకే ఫ్రీజర్‌లో రెండు లీటరు సీసాల నిండా గడ్డకట్టిన నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. పళ్లెంలో తువ్వాలు వేసి, దానిలో సీసా చుట్టి, జాలీ మీద చల్లటి మూలన పెడతాను. చల్లగాలి కిందికే దిగుతుంది. కర్టెన్ వేసేస్తే రెండు గంటలు గట్టెక్కొచ్చు.

నీళ్ల గిన్నె బరువుగా, పాము మొత్తం మునిగేంత పెద్దగా ఉండాలి. కుళాయి నీళ్లు పట్టి ఒక రాత్రి బకెట్‌లో ఉంచి పోస్తాను. రోజూ మార్చాలి, ఎందుకంటే మలం వేసేది కూడా అందులోనే.

ఇక తిండి. కొత్తవాళ్లు ఎక్కువగా పాముల్ని పోగొట్టుకునేది ఇక్కడే. గోల్డ్‌ఫిష్ చవగ్గా దొరుకుతుంది కదా అని వేస్తారు. దానిలో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. కొన్ని నెలలకు పాము మెలికలు తిరిగి, ఫిట్స్ వచ్చి పోతుంది. కార్ప్ కుటుంబంలో చాలా చేపలకు ఈ గుణం ఉంది. మన రవ్వ, బొచ్చె కూడా ఆ కుటుంబమే కాబట్టి నేను వాటి జోలికి పోను. ఫ్రీజర్‌లో పెట్టినా ఆ ఎంజైమ్ పోదు. ముషీరాబాద్ చేపల మార్కెట్‌లో తిలాపియా తెచ్చి, చిన్న ముళ్లతో సహా వేలెడు ముక్కలు కోసి, పరాన్నజీవులు చచ్చేలా నెల రోజులు ఫ్రీజర్‌లో ఉంచి వాడతాను. డాబా మీద టబ్బులో గప్పీలు పెంచుతున్నాను. వాటిని ముల్లూ పేగూ సహా మింగుతాయి కాబట్టి కాల్షియం కూడా అందుతుంది.

వానపాములంటే వీటికి ప్రాణం. కానీ వర్మీకంపోస్ట్ వాళ్ల దగ్గర దొరికే ఎర్ర వానపాములు వేయకండి. ఆ రకం వదిలే పసుపు రంగు ద్రవం గార్టర్‌కు విషం. వానలు పడ్డాక మందులు కొట్టని పెరట్లో మట్టి తవ్వితే వచ్చే మామూలు వానపాములు మంచివి. మా అక్క పెరడు నాకు జులై నుంచి అక్టోబరు దాకా కిరాణా కొట్టు లాంటిది.

పెద్దవాటికి వారానికి రెండు పూటలు, పిల్లలకు రెండు మూడు రోజులకొకసారి. రెండు పాములుంటే విడివిడి డబ్బాల్లో పెట్టి తినిపించండి. నేను బద్ధకించి ఒకసారి తొట్టెలోనే వేశాను. ఒకే ముక్కను ఇదొక కొస, అదొక కొస పట్టి మింగుకుంటూ వచ్చి, మధ్యలో ముక్కు ముక్కు తాకాక ఆడపాము మగదాని తలనే మింగడం మొదలుపెట్టింది. ఇద్దర్నీ విడదీసేసరికి నాకు చెమటలు పట్టాయి.

మగా ఆడా అన్నాను కదా, ఆ రెంటినీ ఒకే తొట్టెలో పెట్టడం కూడా తప్పే. గార్టర్ గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది, అది కూడా ఒక్క ఈతలో డజన్ల కొద్దీ. అందుకే ఇప్పుడు రెంటినీ అడ్డు పలకతో వేరు చేశాను. మీరు జంటగా తెచ్చుకోవాలనుకుంటే రెండూ ఆడవో, రెండూ మగవో చూసుకోండి. తోడు మాత్రం వీటికి నచ్చుతుంది. కెనడాలో 2020లో వచ్చిన ఒక పరిశోధన ఇవి కొన్ని పాముల పక్కనే కావాలని చేరతాయని తేల్చింది.

తెచ్చిన పది రోజుల వరకు చేత్తో పట్టుకోకండి. పట్టుకుంటే తోక దగ్గర్నుంచి ఒక ద్రవం చిమ్ముతుంది, కుళ్లిన చేపలను చెమట సాక్సులో కట్టినట్టు వాసన. కరిచినా మనిషికి ప్రమాదం లేదు, కాస్త దురద పెడుతుందంతే. పై నుంచి గద్దలా పట్టకుండా పక్క నుంచి చెయ్యి జారిస్తే కొన్ని వారాల్లో అలవాటుపడుతుంది. తిన్న రెండు రోజులు, కుబుసం విడిచే ముందు కళ్లు పాలలా తెల్లబడిన రోజుల్లో అసలు ముట్టుకోవద్దు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బాక్టీరియా ఉంటుంది. గిన్నె వంటింటి సింకులో కడగడం మా ఇంట్లో నిషేధం.

విసుగొస్తే చెరువులో వదిలేద్దామనుకుంటే అసలు తెచ్చుకోకండి. ఇది పదేళ్ల దాకా బతుకుతుంది. తీసుకునేవాళ్లు దొరికేదాకా మీరే చూసుకోవాలి.

ఊరెళ్లాల్సి వస్తే దసరాకో సంక్రాంతికో నాలుగు రోజులు ఇబ్బంది లేదు. పెద్ద పాము వారం తినకపోయినా ఉంటుంది. పక్కింటి కుర్రాడు నీళ్లు మార్చి థర్మామీటరు ఫొటో పంపిస్తాడు. ఎండాకాలంలో మాత్రం నేను సూర్యాపేట వెళ్లను, అమ్మే ఇక్కడికి వస్తుంది. రాత్రిపూట పాము అనే మాట పలకదు, “ఆ పురుగులు తిన్నాయారా?” అంటుంది. ఒక నాగుల పంచమికి గిన్నెలో పాలు పోసి పెట్టింది. పాములకు పాలు అరగవమ్మా అని చెప్పి ఆ పాలతో టీ పెట్టాను. మొన్న మేలో మూడు రోజులు ఉక్కపోతకు ఓర్చుకుని, నాలుగో రాత్రి చాప తీసుకెళ్లి ఏసీ గదిలో, తొట్టెకు సరిగ్గా ఆరడుగుల దూరంలో పరుచుకుంది.