నీటి విద్యుద్విశ్లేషణ: వాయువులు సరిగా రాకపోతే

కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడం, పదో తరగతి పిల్లలు చేసే ప్రయోగమే. ప్లాస్టిక్ మగ్గు అడుగున రెండు రబ్బరు బిరడాలు, వాటిలో కార్బన్ కడ్డీలు, వాటి మీద నీళ్లతో నింపి బోర్లించిన పరీక్షనాళికలు, 9 వోల్టుల బ్యాటరీ.

బుడగలే రావడం లేదు: ఆర్వో నీళ్లో, డిస్టిల్డ్ వాటరో పోసి ఉంటారు. వాటిలో కరెంటును మోసే అయాన్లు చాలా తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు. అర లీటరు నీటికి ఒక చెంచా చాకలి సోడా కలపండి. ల్యాబులో అయితే సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కొన్ని చుక్కలు చాలు.

బుడగలు వస్తున్నాయి, నాళిక నిండడం లేదు: 1 ఆంపియర్ కరెంటు నిమిషం పారితే వచ్చే హైడ్రోజన్ దాదాపు 7.5 మి.లీ. మాత్రమే. 0.1 ఆంపియర్‌తో 15 మి.లీ. నాళిక నిండాలంటే 20 నిమిషాలు పడుతుంది. చిన్న చదరపు బ్యాటరీ ఈలోగా నీరసిస్తుంది. ఆరు పెన్ సెల్స్ వరుసగా కలిపితే నయం.

బ్లీచింగ్ పౌడర్ వాసన: ఉప్పు వేశారన్నమాట. నౌపడ ఉప్పు మన శ్రీకాకుళం వంటింట్లో ఎప్పుడూ ఉండేదే, గుప్పెడు వేస్తే కరెంటూ బాగా పారుతుంది. కానీ ప్లస్ కడ్డీ దగ్గర ఆక్సిజన్ బదులు క్లోరిన్ వస్తుంది, అది విషవాయువు. వెంటనే కరెంటు ఆపి, కిటికీలు తెరిచి, నీళ్లు మార్చండి. సముద్రం పక్క ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అవీ వద్దు.

హైడ్రోజన్ రెండు వంతులు, ఆక్సిజన్ ఒక వంతు (2:1) రావాలి, రావడం లేదు, ఆక్సిజన్ తక్కువ: ఎక్కువమంది ఇక్కడే తికమకపడతారు. దగ్గరగా చూడండి. హైడ్రోజన్ వచ్చే మైనస్ కడ్డీ చుట్టూ సన్నటి బుడగలు పాలనురుగులా తెల్లగా లేస్తాయి. ఆక్సిజన్ వచ్చే ప్లస్ కడ్డీకి మాత్రం పెద్ద బుడగలు అంటుకుని, మగ్గును వేలితో తడితే గాని పైకి రావు. పైగా ఆక్సిజన్ హైడ్రోజన్ కంటే నీటిలో ఎక్కువ కరుగుతుంది, కొంత కార్బన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. నీళ్లలో నల్లటి పొడి కనిపిస్తే కడ్డీ అరుగుతున్నట్టే. నీటిలో కరిగే ఆక్సిజన్ ముందే కరిగిపోయేలా పావుగంట కరెంటు పారనిచ్చి, తర్వాత నాళికలు మళ్లీ నీటితో నింపి బోర్లించి కొలవండి. కార్బన్ బదులు స్టీలు చెంచాలు పెట్టొద్దు, వాటిలోని క్రోమియం నీటిలోకి దిగుతుంది.

రెండు నాళికల్లోనూ సమానంగా నిండుతోంది: బ్యాటరీ బదులు ప్లగ్గుకు పెట్టి వాడే ఎలిమినేటర్ ఏసీ వైపు ఉంది. ప్లస్, మైనస్ తారుమారవుతూ రెండు వాయువులూ ఒకే నాళికలో కలిసిపోయాయి. అది పేలే మిశ్రమం, అగ్గిపుల్ల దగ్గరకు తేవద్దు. నాళికలను ఆరుబయట ఖాళీ చేసి, డీసీకి మార్చి, మొదటి నుంచి మొదలుపెట్టండి.