న్యూట్రల్ పడట్లేదా? ముందు క్లచ్ కేబుల్ చూడండి

నా పాత బైక్ ఆపిన ప్రతిసారీ న్యూట్రల్ పడక ఫస్టుకీ సెకండుకీ మధ్య కాలు నొప్పెట్టేది. గేర్‌బాక్స్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. ఇంజిన్ ఆపి వేస్తే మాత్రం ఇట్టే పడింది! అంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట.

క్లచ్ లివర్ చివర లూజు (కేబుల్ బిగిసే ముందు లివర్ ఊరికే కదిలే దూరం) చాలా బళ్లకు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటే చాలు. నాది దానికి రెట్టింపు ఉంది, అందుకే లివర్ మొత్తం నొక్కినా క్లచ్ విడవట్లేదు. హ్యాండిల్ దగ్గరి లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్‌ని బయటికి తిప్పి లూజు తగ్గించాక నట్ మళ్లీ బిగించాను. అక్కడ మర చాలకపోతే కేబుల్ కింది చివర ఇంకో అడ్జస్టర్ ఉంటుంది. కేబుల్ పోగులు తెగుతుంటే మాత్రం మార్చేయడమే.

మరీ బిగించకండి, క్లచ్ జారి ప్లేట్లు కాలిపోతాయి. ఇంజిన్ ఆపి, బండిని ముందుకీ వెనక్కీ కదిపినా న్యూట్రల్ పడకపోతే తేడా గేర్‌బాక్స్‌లోనే ఉండొచ్చు, మెకానిక్‌కి చూపించండి.