సాంబా సర్వర్ తరచూ కూలిపోతుంటే టీడీబీ ఫైళ్లను పరీక్షించండి

లినక్స్‌పై నడుస్తూ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లకు ఫైళ్లను పంచిపెట్టే సాంబా సర్వర్ పదే పదే ఆగిపోతూ, లాగ్‌లో 'పానిక్' అనే మాట కనిపిస్తుంటే, సాఫ్ట్‌వేర్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయడానికి తొందరపడకుండా, సాంబా తన అంతర్గత సమాచారాన్ని భద్రపరచుకునే టీడీబీ ఫైళ్లు చెడిపోయాయేమో ముందుగా చూడడం మంచిది. సర్వీసును ఆపి, ఆ ఫైళ్లన్నిటికీ వేరే డిస్కులో నకలు తీసుకున్న తరువాత, 'టీడీబీబ్యాకప్' (tdbbackup) ఆదేశాన్ని 'మైనస్ వీ' (-v) ఆప్షన్‌తో ఒక్కొక్క ఫైలుపై నడిపితే పాడైనది ఏదో తెలుస్తుంది. లోపం దొరికితే ఈ ఆదేశం పాత బ్యాకప్ ఉన్నట్లయితే దాన్ని తనంతట తానే పునరుద్ధరిస్తుంది కనుక, ముందుగా నకలు తీయడం చాదస్తమేమీ కాదు. 'లాకింగ్' వంటి తాత్కాలిక ఫైళ్లను తొలగించినా సాంబా మళ్లీ సృష్టించుకుంటుంది. వాడుకరుల ఖాతాలుండే 'పాస్‌డీబీ'ని, డొమైన్‌లో ఈ సర్వర్‌కు ఉన్న ఖాతా పాస్‌వర్డ్ ఉండే 'సీక్రెట్స్'ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ అలా తొలగించకూడదు. బాగుచేసిన ఫైలు మళ్లీ చెడిపోతే, కెర్నల్ (లినక్స్ మూల భాగం) సందేశాలలో డిస్కు లోపాల కోసం వెతకండి.