కొర్రమీనును గాలంతో పట్టడం ఎలా?

ఆదివారం తెల్లారుజామున తిరుపతి నుంచి రెండు కార్లలో బయల్దేరతారు. చెరువు కట్ట మీద బ్లూటూత్ స్పీకర్ పెడతారు. పదింటికల్లా ‘ఈ చెరువులో చేపల్లేవబ్బా’ అని తేల్చేసి, దారిలో బిర్యానీ తిని ఇంటికొస్తారు. మా వైపు మిత్రుల చేపల ట్రిప్పు చాలావరకు ఇంతే. ఆ చెరువులో కొర్రమీను నిక్షేపంగా ఉంటుంది, సాయంత్రం అదే కట్ట మీద ఎవరో ఒకరు పట్టుకుపోతారు కూడా. కాబట్టి పట్టే పద్ధతి రాస్తున్నాను. ఇది కొర్రమీనుకు మాత్రమే. జిలేబీ చేపకు వెదురు కర్ర, వానపాము చాలు, దానికి వ్యాసం అక్కర్లేదు.

ఎప్పుడు, ఎక్కడ

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించిన రోజులు అందరికీ గుర్తే. చెరువులు నిండి మొరవ పారుతున్నప్పుడు చేప ఎక్కడుందో ఎవరికీ తెలీదు, వెతకడం దండగ. సంక్రాంతి దాటి నీళ్లు తేరుకోవాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, నీళ్లు తగ్గి తుంగ అంచుకు చేరినప్పుడే పోవాలి. వానల్లో పోకూడదనడానికి ఇంకో కారణం ఉంది. కొర్రమీను ఎక్కువగా అప్పుడే గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది. నీటి మీద ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా తిరుగుతుంటే కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీదికి గాలం వేస్తే కాపలా చేప కోపంగా వచ్చి తప్పకుండా కొరుకుతుంది. అందుకే అక్కడ వేయొద్దంటున్నాను. దాన్ని లేపేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలు.

పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరుల మధ్య వచ్చే తమిళ నెల, వెంకన్నకు ప్రీతి) ట్రిప్పు మాటే ఎత్తొద్దు. బ్యాచ్‌లో సగం మంది నీచు ముట్టరు, మిగతా సగం ఇంట్లో చెప్పుకోలేరు. శనివారమూ అంతే.

చోటు విషయానికొస్తే, కల్యాణి డ్యాం తిరుపతికి తాగునీళ్లిచ్చే చోటు, తలకోన వైపు అడవి శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు. ఆ రెండూ మర్చిపోండి. ఊరి చెరువులు చాలు. పిచ్చాటూరు వైపు పోయేవాళ్లకు ఇంకో మాట. కాస్త అవతల నాగలాపురంలో వేదనారాయణస్వామి మత్స్యావతారంలో ఉంటాడు. కారులో ఎవడో ఒకడు ‘దండం పెట్టుకుని పోదాం’ అంటాడు. పొద్దున పెట్టుకోండి. డిక్కీలో చేపలు పెట్టుకుని గుడికి పోయే పని వద్దు.

మామను మాట్లాడుకోవాలి

ఊరి చెరువులో చేపకు యజమాని ఉంటాడు. చెరువును వేలం పాట పాడుకున్నవాళ్లను గానీ, మత్స్యకార సంఘం వాళ్లను గానీ ముందు రోజే కలిసి అడగాలి. గాలానికి సాధారణంగా కాదనరు, చెప్పకుండా దిగితే మాత్రం గొడవే. చెరువు తెలిసిన మనిషిని కూడా వాళ్లే చూపిస్తారు. మేం పోయే చోట వల వేసి బతికే మామ ఒకాయన ఉన్నాడు. నీళ్ల మీద బుడగ చూసి కొర్రమీనో తాబేలో చెప్పేస్తాడు. ఆయన కూలి ముందే మాట్లాడుకోవాలి, బేరం ఆడకూడదు. చేప పడినా పడకపోయినా ఇవ్వాల్సిందే.

ఆయన్ను తెచ్చుకున్నాక ఆయన మాట వినాలి. ఇది చెప్పాల్సిన పని లేదనుకుంటాం గానీ, పది నిమిషాలకే యూట్యూబ్ చూసొచ్చిన ఒకడు ‘అట్ల కాదు మామా’ అని మొదలుపెడతాడు. వాణ్ని టీకి పంపించేయండి. తూము దగ్గర ఎవరూ నీళ్లలో దిగకూడదు, లోపలికి లాగేస్తుంది.

సామాను

ఏడడుగుల గట్టి రాడ్డు, స్పిన్నింగ్ రీలు, 30 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన) దారం, ఎర బదులు వేసే రెండు ముళ్ల రబ్బరు కప్ప, కటింగ్ ప్లేయర్, గోనె సంచి. అంతే. నైలాన్ దారం వద్దు, సాగుతుంది. ముల్లు గుచ్చుకోవాల్సిన బలమంతా ఆ సాగడంలోనే పోతుంది. కప్ప పచ్చదే కొనండి. షాపువాడు పసుపు, నలుపు, మెరుపుల కప్పలు చూపిస్తాడు, అవి మనుషుల్ని పట్టడానికి. బతికున్న కప్పను ముల్లుకు గుచ్చే అలవాటు ఇంకా కొందరికి ఉంది. చూడ్డానికే బాగుండదు, పైగా రెండు విసుర్లకే జారిపోతుంది. నలుగురికి రెండు రాడ్లు చాలు. అందరి చేతుల్లో రాడ్లుంటే ఎవరి ముల్లు ఎవరి వీపులో దిగుతుందో తెలీదు. విసిరేవాడి వెనక ఎవరూ నిలబడకూడదు.

విసరడం

కొర్రమీను గాలి పీల్చడానికి పైకొస్తుంది. ‘గుబుక్’మని చిన్న చప్పుడు, ఓ సుడి, రెండు బుడగలు. అక్కడికి వేయాలి. సరిగ్గా దాని నెత్తిన కాదు, నాలుగడుగులు అవతల తామరాకుల మీద వేసి మెల్లగా ఇవతలికి లాక్కోవాలి. ఓ జానెడు లాగు, ఆపు, మళ్లీ లాగు. స్పీకర్ ఈపాటికి కారులో పెట్టేసి ఉండాలి. కట్ట మీద దబదబా నడిచినా చేపకు తెలిసిపోతుంది.

కాటు పడ్డాక

అందరూ చెడగొట్టేది ఇక్కడే.

కాటు పడేటప్పుడు నీళ్లు పేలినట్టు చప్పుడవుతుంది. రబ్బరు కప్ప కనబడదు. ఆ క్షణాన చేయి దానంతటదే పైకి లేస్తుంది. అలా లాగితే కప్ప గాల్లోకి లేచి సూటిగా మీ మొహం మీదికొస్తుంది, ముళ్లతో సహా. చేప పోతుంది. ఆ చోట ఇంకో గంట దాకా కాటు ఉండదు.

ఎందుకు పోతుందో తెలిస్తే చేయి ఆగుతుంది. రబ్బరు కప్పకు ముళ్లు రెండూ వీపుకు అతుక్కుని ఉంటాయి, ఆకులకు తగులుకోకుండా. చేప దాన్ని గట్టిగా నొక్కితేనే రబ్బరు అణిగి ముళ్లు బయటపడతాయి. కొర్రమీను మొదటి దెబ్బకే మింగదు. నోటితో పట్టుకుంటుంది, తల తిప్పుతుంది, కిందికి మళ్లుతుంది. ఆ మళ్లేటప్పుడే నోరు గట్టిగా మూస్తుంది. నీళ్లు పేలిన వెంటనే లాగామంటే సగం తెరిచిన నోట్లోంచి మెత్తటి రబ్బరును పీకినట్టే.

కాబట్టి చప్పుడు వినగానే రాడ్డు కొసను పైకెత్తకండి, నీళ్ల వైపు దించండి. వదులుగా ఉన్న దారాన్ని రీలుతో చుట్టుకోండి. మనసులో ‘గోవిందా గోవిందా’ అని రెండుసార్లు అనుకోండి. చేపలు పట్టడానికి స్వామి పేరేమిటని మా బామ్మర్ది గొణుగుతాడు. వాడు ఒకటీ రెండూ మూడూ లెక్కపెడతాడు, మూడు రాకముందే లాగేస్తాడు. ఈలోగా దారం ఓ పక్కకు కదలడం కనబడుతుంది, చేతికి బరువు తెలుస్తుంది. బరువు తెలియాలి. చప్పుడు కంటికీ చెవికీ తెలిసేది, చేతికి ఇంకా ఏమీ తెలియకపోతే రెండోసారి గోవింద అనుకున్నా లాగకూడదు. మామ వెనకనుంచి ‘ఉండబ్బా, మింగనీ, మింగనీ’ అంటుంటాడు, ఆ మాట ఆగినప్పుడు లాగండి.

లాగితే ఒక్కసారే, రెండు చేతులతో, పైకి, గట్టిగా. ఇక్కడ మెత్తదనం పనికిరాదు. అక్కణ్నుంచి దారం వదులు కానివ్వకూడదు. ‘చేపను ఆడించాలి’ అని వీడియోల్లో చెప్తారు. తెరిచిన నీళ్లలో ఆడించుకోండి. తుంగలో ఆడిస్తే అది తుంగ వేర్ల చుట్టూ రెండు చుట్లు తిరిగి దారం తెంపుకుని పోతుంది. తల పైకి తేల్చి, ఆకుల మీదుగా జారుస్తూ చుట్టేయాలి.

మా గ్రూపులో ఒకడు అమెరికాలో ఉంటాడు. అలాస్కాలో చిన్న విమానమెక్కి ఎలుగుబంట్లు తిరిగే నదికి పోయి, గైడును పెట్టుకుని సాల్మన్ పట్టిన ఫోటోలు పెడతాడు. సెలవుల్లో వచ్చి మా కట్ట మీద నిలబడి, తగలగానే లాగాలని అందరికీ పాఠం చెప్పాడు. వాడు చెప్పింది సాల్మన్‌కు సరే. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కే సాల్మన్ తిండి దాదాపు మానేస్తుంది. అది ఎరను ఆకలితో కాకుండా చిరాకుతో కొరుకుతుందంటారు, ఇష్టం లేకపోతే వెంటనే ఉమ్మేస్తుంది. మన కొర్రమీను తిండికి వచ్చింది. దానికి తినే టైమివ్వాలి. ఆ రోజు వాడికి తగిలినవన్నీ వదిలిపోయాయి. పక్కనున్న మామ ఏమీ అనలేదు, బీడీ వెలిగించుకున్నాడు.

గట్టుకు తెచ్చాక

ఒడ్డున పడేసి ఫోటోకు ఫోన్ తీసేలోపు కొర్రమీను పాక్కుంటూ నీళ్లలో పడుతుంది. ఒంటి నిండా జిగురు, ఉత్త చేతికి ఆగదు. ముందు తడి గోనెతో తల వెనక అదిమి పట్టాలి. పళ్లున్నాయి, నోట్లో వేలు పెట్టకూడదు. కటింగ్ ప్లేయర్‌తో ముల్లు వచ్చిన దారిలోనే తిప్పి తీయాలి. ఇంటి దగ్గరే ముల్లు కొన దగ్గరుండే చిన్న కొక్కేన్ని ప్లేయర్‌తో నొక్కి చదును చేసుకోండి, ఎవరి వేలికైనా దిగితే తేలిగ్గా వస్తుంది. కొక్కెం లేకపోయినా దారం బిగువుగా ఉంచితే చేపేమీ జారిపోదు. అరచేతి పొడవుకు మించని పిల్లల్ని అక్కడే వదిలేయాలి.

గాలి పీల్చే చేప కాబట్టి తడి గోనెలో ఇంటిదాకా ప్రాణంతోనే ఉంటుంది, ఐస్ పెట్టె మోసుకుపోనక్కర్లేదు. గోనె ఆరకుండా నీళ్లు చల్లుతూ ఉంటే చాలు. పంపకం కట్ట మీదే చేసుకోండి, పెద్ద చేప మామకు. ఇంట్లో కోసే ముందు రాళ్ల ఉప్పు, బూడిద వేసి రుద్దితే జిగురు పోతుంది. పులుసులోకి మామిడికాయ ముక్కలు వేయమనండి, ఆ నెలల్లో ఎలాగూ దొరుకుతాయి.