ధ్రువ సముద్రాల్లో ఓడ ప్రయాణం – 4వ పాఠం: రబ్బరు పడవ ఎక్కడం, దిగడం

పోయిన పాఠంలో అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయా ఊళ్లో ఓడెక్కాం, అక్కడి బీగల్ ఛానెల్ అనే జలసంధి దాటాం, దక్షిణ అమెరికాకీ అంటార్కిటికాకీ మధ్య ఉన్న డ్రేక్ పాసేజ్ సముద్రంలో రెండు రోజులు ఊగాం, వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక కాకుండా ముందే వేసుకోవాలని నేర్చుకున్నాం. ఇప్పుడు ఎదురుగా అంటార్కిటికా ద్వీపకల్పం ఉంది. ఓడ ఆగింది. ఒడ్డు కాస్త దూరంలో కనిపిస్తోంది కానీ అక్కడ రేవు లేదు, మెట్లు లేవు, పట్టుకోవడానికి ఒక్క కమ్మీ కూడా లేదు. అక్కడిదాకా తీసుకెళ్లేది జోడియాక్, అంటే గాలి నింపిన రబ్బరు పడవ. చుట్టూ లావుపాటి గాలి గొట్టం, వెనక ఇంజను, దాని పక్కన డ్రైవరు, గొట్టం మీద అటు ఐదుగురు, ఇటు ఐదుగురు.

నన్నడిగితే ఈ ప్రయాణంలో అసలు వాహనం ఈ పడవే, ఓడ కాదు. ఏ అంతస్తులో గది తీసుకోవాలి, బాల్కనీ ఉంటే బాగుంటుందా అని నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్లు పడవ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగరు. లెక్క చూడండి: ఒకసారి ఒడ్డుకెళ్లి రావాలంటే ఓడ నుంచి పడవలోకి, పడవ నుంచి ఒడ్డుకి, మళ్లీ ఒడ్డు నుంచి పడవలోకి, పడవ నుంచి ఓడలోకి. వాతావరణం బాగుంటే ఇదంతా రోజుకి రెండుసార్లు. అంటే ఎనిమిది సార్లు కదిలే నీళ్ల మీద అడుగు మార్చాలి. కండబలం అక్కర్లేదు, వరస తెలిస్తే చాలు.

వరస బట్టల దగ్గరే మొదలవుతుంది. వేసవిలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూ ఉంటుంది, మరీ భయపడాల్సినంత చలేమీ కాదు, మనల్ని వణికించేది గాలీ తడీ. అందుకే ఒంటికి తగిలే బట్ట నూలుది వద్దు, ఒకసారి తడిస్తే ఆరదు. ఉన్ని గానీ సింథటిక్ గానీ లోపల, దాని మీద ఫ్లీస్ (మెత్తటి వెచ్చటి గుడ్డ) చొక్కా, పైన నీళ్లు దిగని ప్యాంటూ జాకెట్టూ. పిల్లకాలువలో దిగేవాళ్లకి పనికొచ్చే పొడుగు రబ్బరు బూట్లు చాలా ఓడల్లో వాళ్లే ఇస్తారు. ప్యాంటు ముందా, బూట్లు ముందా? ప్యాంటు ముందు. తర్వాత బూట్లు. తర్వాత ప్యాంటు అంచుని బూటు మీదకి లాగాలి, లోపలికి దోపకూడదు.

ఇంత చిన్న విషయానికి ఇంత సాగదీత ఎందుకంటే మొదటి రోజు నేను బూట్లు వేసేసుకుని ప్యాంటు ఎక్కించబోయి, మోకాలి కింద ఇరుక్కుపోయి, గది నేల మీద కూర్చుని కుస్తీ పట్టాను. పైన మైకులో మా గుంపుని పిలిచేశారు. రెండో రోజు తెలివి మీరి ప్యాంటు అంచుని చక్కగా బూట్లలోకి దోపాను, చూడ్డానికి నీటుగా ఉందని. ఒడ్డు దగ్గర దిగుతుంటే ఒక్క అల, పెద్దదేం కాదు, ప్యాంటు మీదుగా జారి తిన్నగా కుడి బూటులోకి దిగింది. ఆ తర్వాత గంటన్నరసేపు నేను పెంగ్విన్లని చూశానా లేక నా కాలి వేళ్లు ఉన్నాయో లేవో చూసుకున్నానా అంటే చెప్పలేను.

మైకు పిలవకముందే అన్నీ తగిలించుకుని వెచ్చటి గదిలో కూర్చోవద్దు, చెమట పడుతుంది, ఆ చెమటే పడవలో గాలికి మంచులా తగులుతుంది. జాకెట్టు చేతిలో ఉంచుకోండి, జిప్ చివర్లో పెట్టుకోవచ్చు. బాత్రూమ్ పని ముందే కానివ్వండి, ఒడ్డున అలాంటి ఏర్పాటేమీ ఉండదు. తినేవి ఏవీ తీసుకెళ్లకూడదు, మంచినీళ్లు మాత్రం పర్లేదు.

ఇంకో పని, బట్టల తనిఖీ. వెల్‌క్రో పట్టీల్లో, జేబుల మూలల్లో, బూటు అడుగు గాడుల్లో గడ్డి గింజలు దాక్కుంటాయి. ఓడలో వాక్యూమ్ క్లీనర్లూ పట్టకార్లూ ఇచ్చి కూర్చోబెడతారు. విసుగు పుట్టే పనే. కానీ అంటార్కిటికాలోని కింగ్ జార్జ్ దీవిలో పోలండ్ వాళ్ల ఆర్క్‌టొవ్‌స్కీ పరిశోధన స్టేషన్ దగ్గర 1980ల్లో బయటి నుంచి వచ్చిన గడ్డి మొలిచి వేళ్లూనుకుంది, దాన్ని పీకేయడానికి నానా తంటాలు పడ్డారు. కాబట్టి గొణుక్కోకుండా పీకండి.

లైఫ్‌జాకెట్లు రెండు రకాలు, కలిపేసుకోకండి. గదిలో ఉండే లావుపాటిది ఓడకి ప్రమాదం వచ్చినప్పటికి. పడవకి ఇచ్చేది సన్నటిది, నీళ్లలో పడితే దానంతటదే ఉబ్బుతుంది. బయల్దేరే ముందు చేయించే డ్రిల్‌లో లావుపాటిది వేసుకుని సెల్ఫీలు దిగేవాళ్లే ఎక్కువ. 2007 నవంబర్ 23న ఎక్స్‌ప్లోరర్ అనే ఓడ, ఇలాంటి ప్రయాణాల కోసమే ప్రత్యేకంగా కట్టిన తొలి ఓడ అది, అంటార్కిటికా ద్వీపకల్పం పక్కనున్న దక్షిణ షెట్లాండ్ దీవుల దగ్గర మంచుకి తగిలి మునిగిపోయింది. అందులో ఉన్న 154 మందీ చిన్న పడవల్లో గంటల తరబడి చలిలో ఉండి, బతికి బయటపడ్డారు. డ్రిల్‌లో ఎక్కడ నిలబడాలో చెప్పినప్పుడు వినండి, అంతే.

ఇక ఎక్కడం. ఓడ పక్కన మెట్లు దిగాక చివర ఒక నావికుడు, పడవలో డ్రైవరు ఉంటారు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఫోను, కెమెరా, కర్ర ఏదీ చేతిలో వద్దు, అన్నీ వీపు సంచిలో. వాళ్లు చెయ్యి చాపితే అరచేతిని పట్టుకోవద్దు. మీ చెయ్యి వాళ్ల మణికట్టు దాటి ముంజేతిని పట్టాలి, వాళ్లు మీ ముంజేతిని పడతారు. తడి గ్లౌజులతో అరచెయ్యి జారిపోతుంది, ఇలా పట్టుకుంటే మీ పట్టు సడలినా వాళ్ల పట్టు ఉంటుంది.

పడవ అలతో లేస్తూ దిగుతూ ఉంటుంది. కింద ఉన్నప్పుడు అడుగు వేస్తే అది లేచి వచ్చి మీ మోకాలికి తగులుతుంది. పైకి వచ్చి ఒక్క క్షణం ఆగినట్టు ఉంటుంది చూడండి, అప్పుడు. మీరు లెక్కలు వేసుకోనక్కర్లేదు, రమ్మని నావికుడు చెప్తాడు, చెప్పేదాకా కదలకండి, చెప్పాక తటపటాయించకండి. గొట్టం మీద ఒక అడుగు, పడవ లోపల ఒక అడుగు, వెంటనే కూర్చోవడం. దూకడం లేదు. కూర్చున్నాక నడవడం కూడా లేదు, గొట్టం మీదే జరుగుతూ మీ చోటికి వెళ్లండి, వెనక కట్టిన తాడు పట్టుకోండి. తిమింగలం కనపడగానే అందరూ ఒకే పక్కకి లేస్తారు, అది మాత్రం చెయ్యొద్దు. లేవాలంటే డ్రైవర్ని అడిగి లేవండి.

ఒడ్డున దిగడం ఇంకాస్త తేలిక. డ్రైవరు పడవ ముక్కుని గులకరాళ్ల మీదకి ఆనిస్తాడు, గైడు నీళ్లలో నిలబడి పట్టుకుంటాడు. మీ వంతు వచ్చాక ముందుకి జరిగి, గొట్టం మీద కూర్చునే, కాళ్లు రెండూ పడవ వెనక వైపుగా తిప్పి బయటికి వెయ్యాలి. ముందు వైపు తిప్పితే గైడు మొహానికి మీ బూటు తగులుతుంది (చూశాను, పాపం ఆయన నవ్వాడు). అల వెనక్కి తగ్గాక నిలబడి, నాలుగు అడుగులు వేసి నీళ్లలోంచి బయటికి వచ్చేయండి. ఫొటోలు తర్వాత. నెకో హార్బర్ లాంటి చోట్ల ఎదురుగా ఉన్న హిమానీనదం నుంచి పెద్ద ముక్క విరిగి పడితే ఆ అల ఒడ్డు మీదకి ఎక్కి వస్తుంది, అందుకే నీళ్ల అంచున నిలబడి కబుర్లు పెట్టుకోనివ్వరు.

ఒడ్డు మీద పద్ధతుల గురించి వచ్చే పాఠంలో వివరంగా చెప్పుకుందాం, ప్రస్తుతానికి కొన్ని ముక్కలు. పెంగ్విన్లకి 5 మీటర్లు, ఫర్ సీళ్లకి (బొచ్చుండే సముద్ర జంతువులు) 15 మీటర్లు దూరం. పెంగ్వినే మీ దగ్గరికి వస్తే కదలకుండా నిలబడండి. పక్షుల ఫ్లూ భయం వల్ల కింద కూర్చోవడం, మోకాళ్ల మీద వంగడం, సంచి నేల మీద పెట్టడం వద్దంటారు. మెత్తటి మంచులో మీ కాలు లోతుగా దిగబడితే ఆ గుంత పూడ్చి వెళ్లండి, దాంట్లో పడ్డ పెంగ్విన్ పైకి రాలేదు. ఒక చోట ఒకేసారి 100 మందికి మించి దింపరు, 500 మందికి పైగా ప్రయాణికులున్న ఓడ అయితే అసలు ఎవర్నీ దింపదు. ఇవి 1991లో మొదలైన యాత్రా సంస్థల సంఘం, ఐఏఏటీఓ, పాటించే నిబంధనలు. ఓడ బుక్ చేసేటప్పుడు అందులో ప్రయాణికులు ఎంతమందో అడగండి.

గాలి పెరిగితే దిగడం రద్దు. గంట ముందు దాకా సరే అన్న చోటికే వద్దంటారు. వాదించకండి.

తిరిగొచ్చాక బూట్లు రుద్ది, మందు నీళ్లలో ముంచి, బోర్డు మీద మీ నంబరు ట్యాగు తిప్పండి. దిగేటప్పుడు ఒక వైపు, వచ్చాక రెండో వైపు. కొన్ని ఓడల్లో ట్యాగుకి బదులు కార్డు గీకుతారు. మర్చిపోతే మీరింకా ఒడ్డునే ఉన్నారని లెక్క, ఓడ కదలదు, మైకులో మీ పేరు మోగుతూనే ఉంటుంది.

ఈ వారం అభ్యాసం: సోఫా చేతి మీద కూర్చోండి, అదే పడవ గొట్టం అనుకోండి. చేతులు ఆనించి పక్కకి జరగండి, కాళ్లు రెండూ ఎత్తి అవతలికి తిప్పి, నిలబడండి. పది సార్లు. మొదట మామూలు బట్టల్లో, తర్వాత ప్యాంటు, బూట్లు, జాకెట్టు, గ్లౌజులు అన్నీ తగిలించుకుని. గ్లౌజులతోనే జిప్ తీసి కెమెరా బయటికి తీయగలుగుతున్నారేమో చూడండి. లేకపోతే జిప్‌కి ఒక దారం ముక్క కట్టుకోండి.